నీటి పరీక్షల్లో నాచు కణపు చట్రాన్ని కూడా చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. చెరువులు పచ్చబడిపోతున్నాయంటూ ఈ వేసవిలో మీ పత్రిక జిల్లా పేజీల్లో వచ్చిన కథనాలను శ్రద్ధగా చదివాను. నీటి నాణ్యత వైపు పాఠకుల దృష్టిని మళ్ళించినందుకు మీకు కృతజ్ఞతలు. అయితే ఆ కథనాలన్నిటిలోనూ నాచు తొలగించవలసిన మురికిగానే కనిపించింది. నీటిలో వచ్చే మార్పుకు అతి త్వరగా స్పందించే ప్రాణుల్లో నాచు ఒకటి. ఆ స్పందన రంగు మారడంతోనో చనిపోవడంతోనో మొదలు కాదు; కణం లోపల ఉండే ప్రోటీన్ల చట్రంలో, కొన్ని సందర్భాల్లో క్షణాల వ్యవధిలోనే, మొదలవుతుంది. శాస్త్రజ్ఞులు కణ అస్థిపంజరమని పిలిచే ఈ చట్రం గురించి కొంత వివరంగా రాయడానికి అనుమతించగలరు. మన నీటి పరీక్షలూ మన తరగతి గదులూ దీన్ని పట్టించుకోకపోవడం సరికాదన్నదే నా అభ్యర్థనకు మూలం.

హరిత శైవలాలలో, అంటే పచ్చ నాచు జాతుల్లో, అన్నిటికంటే ఎక్కువగా పరిశోధనకు నోచుకున్నది క్లామిడోమోనాస్. వృక్షశాస్త్రం చదివినవారంతా ఏదో ఒక తరగతిలో దాని బొమ్మ గీసే ఉంటారు. గిన్నె ఆకారంలో హరితరేణువు, ఎర్రటి కంటి చుక్క, ముందు కొసన ఈదడానికి తోడ్పడే, కొరడాల వంటి రెండు కశాభాలు అందులో కనిపిస్తాయి. ఈ కణం అడ్డుకొలత సుమారు 10 మైక్రోమీటర్లు; ఒక్కో కశాభం పొడవు కూడా ఇంచుమించు అంతే. పాఠ్యపుస్తకపు బొమ్మలో కనపడనివి ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో అల్లుకున్న సూక్ష్మనాళికలు, ఆక్టిన్ అనే మరో ప్రోటీన్‌తో ఏర్పడిన సన్నని తంతువులు. కశాభం లోపల తొమ్మిది జంట నాళికలు వలయంగానూ, నడుమ రెండు ఒంటి నాళికలు ఇరుసులాగానూ ఉంటాయి. కశాభాల మొదట్లో ఆధార కణికలుంటాయి. వాటి నుంచి నాలుగు నాళికల కట్టలు వేళ్ళలా కణత్వచం కిందుగా వెనక్కి పాకుతాయి. ఈ నిర్మాణంలో చాలా భాగం ఒకసారి కట్టుకుని నిలిచిపోయేది కాదు. ట్యూబ్యులిన్ అణువులు నాళికల కొసల్లో చేరుతూ విడిపోతూ ఉంటాయి కనుక పరిస్థితిని బట్టి కణం తన చట్రాన్ని నిమిషాల్లో విప్పుకోగలదు, మళ్ళీ కట్టుకోగలదు.

ఇందుకు అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ కశాభాలు రాల్చుకోవడం. క్లామిడోమోనాస్ ఈదుతున్న నీటిలో ఎసిటిక్ ఆమ్లం కలిపి పీహెచ్‌ను 4.5 దగ్గరికి దించితే, కణాలు కొన్ని సెకన్లలోనే రెండు కశాభాలనూ తెంచుకుంటాయి. తీవ్రమైన వేడి, ఆల్కహాలు, కొన్ని డిటర్జెంట్లు, నీటిని బలంగా చిలకడం కూడా ఇదే పని చేయిస్తాయి. ఇది నిస్సహాయంగా విరిగిపోవడం కాదు, కణం తనంతట తాను చేసే పని. బలహీనమైన సేంద్రియ ఆమ్లం త్వచాన్ని దాటి లోపలికి చేరుతుంది. దాంతో బయటి నీటిలోని కాల్షియం కణంలోకి చొరబడుతుంది. ఆ కాల్షియం సంకేతంతో, కశాభం ఆధార కణికను కలిసే చోటుకు కాస్త పైన, ఎప్పుడూ ఒకే స్థానంలో, తొమ్మిది జంట నాళికలూ తెగిపోతాయి. తెగిన చోట త్వచం వెంటనే మూసుకుపోతుంది కనుక కణంలోని పదార్థం బయటికి కారదు. ఈ కోతకు అవసరమైన జన్యువుల్లో లోపమున్న ఉత్పరివర్తకాలను ఎంత ఆమ్లంలో ఉంచినా అవి కశాభాలు వదలవు. అంటే ఈ పనికి కణంలో ప్రత్యేకమైన యంత్రాంగమే ఉందన్నమాట. నాళికలను కోసేది కటానిన్ అనే ప్రోటీనా, లేక సెంట్రిన్ అనే మరో ప్రోటీన్ తంతువులు ముడుచుకున్నప్పుడు పుట్టే లాగుడా అన్న విషయంలో పరిశోధకుల మధ్య వాదం ఇంకా సాగుతూనే ఉంది. గట్టి కణకవచం రక్షణ లేకుండా నేరుగా నీటిలోకి చాచుకుని ఉండే భాగం కశాభమే కాబట్టి, విషం లోపలికి చేరే దారిని తగ్గించుకోవడానికే కణం దాన్ని వదులుకుంటుందన్న వివరణ నాకు సబబుగా తోస్తుంది.

ఆ తరువాత జరిగేది మరింత ఆసక్తికరం. పరిస్థితి చక్కబడగానే, దాదాపు గంటన్నర నుంచి రెండు గంటల్లో, రెండు కశాభాలూ తిరిగి పూర్తి పొడవుకు పెరుగుతాయి. తెగిన కొద్ది నిమిషాల్లోనే కేంద్రకంలో ట్యూబ్యులిన్ జన్యువులు ఉద్ధృతంగా పనిచేయడం మొదలుపెడతాయి. 1969లో జోయెల్ రోజెన్‌బామ్, ఆయన సహచరులు ప్రకటించిన ప్రయోగాలు ఈ రంగానికి పునాది వేశాయి. కొత్త ప్రోటీన్ తయారు కాకుండా మందు వేసి అడ్డుకున్నా కశాభాలు సుమారు సగం పొడవు వరకు పెరిగాయి. అంటే కణం తన దగ్గర ముందుగానే సగం సరుకు నిల్వ ఉంచుకుంటుంది. ఒక్క కశాభాన్ని మాత్రమే తెంచితే, మిగిలిన రెండోది తనను తాను కుదించుకుంటూ పోయింది. కొత్తగా పెరుగుతున్నది దానితో సమానమయ్యాక రెండూ కలిసి పూర్తి పొడవుకు ఎదిగాయి. ఇంత చిన్న ప్రాణిలో ఈ లెక్క ఎవరు చూస్తున్నారన్న ప్రశ్న దశాబ్దాల పరిశోధనను నడిపించింది. 1993లో అదే బృందం కశాభం లోపల సరుకు పైకీ కిందికీ మోసుకుపోయే రవాణాను కళ్ళారా చూసింది. ఆ రవాణాలో పాల్గొనే ఒక ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు ఎలుకల్లో చెడితే మూత్రపిండాలు నీటి తిత్తులతో నిండిపోతాయని 2000లో తేలింది. మనుషుల్లో తిత్తుల మూత్రపిండ వ్యాధిని అర్థం చేసుకునే దారి ఒకటి ఈ నాచు కణం నుంచే మొదలైంది. నాచును చెత్తగా చూసే దృష్టికి ఇంతకంటే బలమైన సమాధానం నాకు తోచదు.

చట్రంలోని అన్ని భాగాలూ ఒత్తిడికి ఒకే తీరుగా లొంగవు. బాగా చల్లబరిస్తే చాలా జీవకణాల్లో సాధారణ సూక్ష్మనాళికలు విడిపోతాయి. కానీ క్లామిడోమోనాస్ కశాభాల్లోనూ, ఆధార కణికల నుంచి సాగే కట్టల్లోనూ ఉండే నాళికలు చలికి చెక్కుచెదరవు. ఆ నాళికల్లో, ట్యూబ్యులిన్ రెండు భాగాల్లో ఒకటైన ఆల్ఫా ట్యూబ్యులిన్‌కు ఎసిటైల్ అనే చిన్న రసాయన గుర్తు తగిలించి ఉంటుంది. ఈ గుర్తును 1980లలో మొట్టమొదట కనుగొన్నది క్లామిడోమోనాస్ కశాభాల్లోనే. తరువాత అనేక జంతు కణాల్లోనూ అదే కనిపించింది. ఇక అంటార్కిటికాలో ఏడాది పొడవునా మంచు కప్పి ఉండే బోనీ సరస్సు లోతుల్లో బతికే క్లామిడోమోనాస్ జాతి ఉంది. అది 18 డిగ్రీల సెల్సియస్ పైన పెరగనే పెరగదు. అటువంటి చలి ఇష్టపడే శైవలాల ఆల్ఫా ట్యూబ్యులిన్‌ను మామూలు శైవలాల ట్యూబ్యులిన్‌తో పోల్చి చూసినవారికి కొన్ని అమైనో ఆమ్లాల మార్పులు కనిపించాయి. లక్షల సంవత్సరాల చలి ఒత్తిడి చట్రపు ఇటుకనే మార్చి ఉండవచ్చు.

ఆక్టిన్ సంగతి కూడా చెప్పాలి. క్లామిడోమోనాస్‌లో రెండు రకాల ఆక్టిన్ జన్యువులున్నాయి. మామూలు రోజుల్లో ఒకటే పనిచేస్తుంది. రెండోది దాదాపు నిద్రావస్థలో ఉంటుంది. సముద్రపు స్పంజికల నుంచి లభించే లాట్రంకులిన్ అనే విషం మొదటి ఆక్టిన్ తంతువులను విప్పేస్తుంది. తంతువులు విడిపోతున్నాయని కణం గుర్తించి, ఆ విషానికి లొంగని రెండో ఆక్టిన్‌ను పెద్ద మొత్తంలో తయారుచేసుకుని బతికి బయటపడుతుందని 2016లో ప్రకటించిన పరిశోధన చూపింది. తన చట్రం బాగోగులను కణమే కాపు కాసుకుంటుందని దీనివల్ల తెలుస్తోంది.

మన ప్రాంతపు వరి మడుల్లో రైతులకు బాగా తెలిసిన చారా కూడా హరిత శైవలమే. నేల మొక్కలకు అత్యంత సమీప బంధువుల్లో ఇది ఒకటి. దాని ఒక్కో కణం కొన్ని సెంటీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి, లోపలి జీవపదార్థం ఆక్టిన్ తంతువుల వెంట నిరంతరం ప్రవహించకపోతే ఆ కణం బతకదు. ఆ ప్రవాహాన్ని ఇటలీకి చెందిన బొనవెంతూరా కోర్తి 1774లోనే సూక్ష్మదర్శినిలో చూశాడు. సెకనుకు 70 నుంచి 100 మైక్రోమీటర్ల వరకు సాగే ఆ వేగం వెనుక, ఆక్టిన్ తంతువుల మీద నడిచే మోటారు ప్రోటీన్లైన మయోసిన్‌లలో ఇప్పటివరకు తెలిసిన వాటన్నిటిలోకీ వేగవంతమైనది ఉంది. చారా కణాన్ని గట్టిగా తాకినా, విద్యుత్ ప్రేరణ ఇచ్చినా కాల్షియం పెరిగి ప్రవాహం ఒక్కసారిగా ఆగిపోతుంది. కొన్ని నిమిషాల తరువాత మెల్లగా మళ్ళీ మొదలవుతుంది. క్లామిడోమోనాస్‌లో కశాభాలను తెంచే సంకేతమూ, చారాలో ప్రవాహాన్ని నిలిపే సంకేతమూ కాల్షియమే కావడం గమనించదగినది. వరిలో చారా, నాచు ఎక్కువైనప్పుడు మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేటును) మూటగా కట్టి నీరు పారే మడవ దగ్గర ఉంచే పద్ధతి మనకుంది. రైతు అవసరాన్ని నేను కాదనను. కాని మైలుతుత్తంలోని రాగి లోహం మడిలో ఆగిపోదని, మురుగు కాలువ ద్వారా కింది చెరువుకు చేరుతుందని గుర్తుంచుకోవాలి.

ఉప్పు ఒత్తిడిలో క్లామిడోమోనాస్ పామెల్లా దశకు మారుతుందని పాఠాల్లో చెబుతారు. విభజన తరువాత పిల్ల కణాలు తల్లి కవచం నుంచి బయటపడకుండా, కశాభాలు లేకుండా, జిగురు ముద్దలో గుంపుగా ఉండిపోతాయి. దీనికి భిన్నంగా ఉప్పు మడుల్లో నీటిని ఎర్రబరిచే డునాలియెల్లాకు గట్టి కవచమే లేదు. ఉప్పు సాంద్రత మారగానే అది క్షణాల్లో ముడుచుకుంటుంది లేదా ఉబ్బుతుంది. గ్లిసరాల్ తయారు చేసుకుని కొద్ది గంటల్లో పూర్వపు పరిమాణానికి వస్తుంది.

ఇక తెలుగు రాష్ట్రాల రైతులందరికీ నేరుగా సంబంధించిన విషయానికి వస్తాను. పత్తి, వేరుశనగ, కంది, మిరప చేలలో విత్తిన వెంటనే కలుపు మొలవకుండా పిచికారీ చేసే పెండిమిథాలిన్ మొక్కల, శైవలాల ట్యూబ్యులిన్‌కు అంటుకుని సూక్ష్మనాళికలు పేరుకోకుండా చేస్తుంది. విభజనలో క్రోమోసోములను విడదీసే కండె పోగులు ఏర్పడవు, కణం విభజన చెందదు, మొలక వేరు ఉబ్బి ఆగిపోతుంది. జంతువుల ట్యూబ్యులిన్‌తో ఆ మందుకు అంతటి పొత్తు లేదు. దీనికి ఎదురుగా, అడవినాభి దుంపలో ఉండే కాల్చిసిన్ జంతువుల ట్యూబ్యులిన్‌ను తేలికగా పట్టుకుంటుంది. మొక్కల మీద, శైవలాల మీద పనిచేయాలంటే చాలా ఎక్కువ మోతాదు కావాలి. పెండిమిథాలిన్ నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది, మట్టికి గట్టిగా అంటుకుంటుంది. అందువల్ల నీటి నమూనాలో తక్కువగా కనిపించినంత మాత్రాన అది చెరువుకు చేరలేదని అనుకోరాదు; తొలకరి వానకు కొట్టుకొచ్చే మట్టితో పాటే చేరుతుంది, చెరువు అడుగున పేరుకుంటుంది. అక్కడ బతికే శైవలానికి ఈ మందు తగిలేది సరిగ్గా చట్రం మీదనే.

ఈ మందులకు కణం ఎలా తట్టుకుంటుందో కూడా నాచే నేర్పింది. ట్యూబ్యులిన్ రెండో భాగమైన బీటా ట్యూబ్యులిన్‌లో 350వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారిన క్లామిడోమోనాస్ ఉత్పరివర్తకాలు కాల్చిసిన్‌కే కాక పెండిమిథాలిన్ కుటుంబానికి చెందిన ఒరైజాలిన్‌కు కూడా లొంగలేదని 1991లో ప్రకటించారు. వాటిలో మందు అంటుకునే చోటు చెడిపోవడం కంటే నాళికలే మరింత గట్టిపడటం కారణమని తేలింది. 1998 నాటికి, రాగి పంటకు దగ్గరి చుట్టమైన ఎల్యుసిన్ ఇండికా అనే కలుపు గడ్డిలో ఈ కుటుంబపు మందులకు లొంగకపోవడానికి ఆల్ఫా ట్యూబ్యులిన్‌లోని ఒక్క మార్పు కారణమని రుజువైంది. ఒకే మందును ఏటా కొట్టే చేలలో కలుపు ఎందుకు మొండికేస్తుందో అడిగే రైతుకు వ్యవసాయ విస్తరణ అధికారులు ఈ సంగతి చెప్పగలిగితే మేలు.

ఇంత తెలిసిన తరువాత మన పరీక్షల తీరును చూడండి. రసాయనాలు శైవలాలకు ఎంత హాని చేస్తాయో తేల్చడానికి ప్రపంచమంతా ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) వారి 201వ మార్గదర్శకాన్ని అనుసరిస్తోంది. సాధారణంగా 72 గంటలు శైవలాన్ని మందు కలిపిన నీటిలో పెంచి, ఎదుగుదల ఎంత తగ్గిందో లెక్కిస్తారు. దీనికి ఎక్కువగా వాడే రాఫిడోసెలిస్ 1959లో నార్వేలోని నీటెల్వా నదిలో దొరికిన నెలవంక ఆకారపు హరిత శైవలం. పెంచడం సులభం, లెక్కించడం సులభం, ఫలితాలు ప్రయోగశాల మారినా పెద్దగా మారవు. ఆ పరీక్ష విలువను నేను తగ్గించడం లేదు. కాని ఎదిగే దశలో ఆ కణానికి కశాభాలే ఉండవు. ఆ మార్గదర్శకం సూచించే మరో హరిత శైవలానికీ ఉండవు. క్షణాల్లో వెలువడే తొలి స్పందనను చూపగల అవయవమే లేని ప్రాణి మీద, మూడు రోజుల తరువాతి ఫలితాన్ని మాత్రమే చూస్తున్నాము. ఈ మధ్యలో చట్రం తిరిగి కట్టుకోవడానికే శక్తి వెచ్చించిన కణాలు, విభజన ఆగి బహుళ కేంద్రకాలతో ఉబ్బిన కణాలు ఎన్నో ఆ లెక్కలో ఒకే అంకె కిందికి చేరిపోతాయి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. కశాభాలు రాలడాన్ని బట్టి నీటిలో ఏదో చెడు చేరిందని తెలుస్తుంది గాని, ఏ పదార్థం చేరిందో తెలియదు. పైగా చెరువు నీటి పీహెచ్ మామూలుగా 4.5కు పడిపోదు. నిజమే. కాని సేంద్రియ ఆమ్లాలున్న పారిశ్రామిక వ్యర్థాలు కలిసే చోట, ముఖ్యంగా డిస్టిలరీల వ్యర్థజలం విడుదలయ్యే చోట, ఆ స్థాయికి దగ్గరి పరిస్థితి ఏర్పడగలదు. ఆ వ్యర్థం తనంత తానుగా ఆమ్లగుణం కలదే. ఏ పదార్థమో తేల్చే పని రసాయన పరీక్షది. ఎక్కడ, ఎప్పుడు ఆ ఖరీదైన పరీక్ష చేయాలో చెప్పే పని కణపు చట్రం చేయగలదు. మా గోదావరి జిల్లాల్లో చేపల, రొయ్యల చెరువుల రైతులు నీటి రంగును, తెల్లవారుజామున ప్రాణవాయువును చూసి బ్లూమ్, అంటే నీటిలో దట్టంగా పెరిగిన నాచు, పడిపోయిందని గుర్తిస్తారు. అప్పటికే నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలు చచ్చి, కుళ్ళు మొదలై ఉంటుంది. నీటిలో ఈదే హరిత కణాల్లో ఎన్నిటికి కశాభాలున్నాయో వారానికోసారి చూసే అలవాటు చెరువుల గట్ల మీదున్న పరీక్షా కేంద్రాలకు ఉంటే, కొన్ని సందర్భాల్లోనైనా అంతకు ముందే హెచ్చరిక దొరకవచ్చు. దీన్ని క్షేత్రస్థాయిలో రుజువు చేయవలసి ఉంది. ఆ పని మన విశ్వవిద్యాలయాలు, మత్స్య కళాశాలలు చేపట్టాలని కోరుతున్నాను. హైదరాబాద్ చేపల చెరువుల శైవలాల మీద 1960లలోనే అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు ప్రకటించిన సంప్రదాయం మనకుంది. దాన్ని అణుస్థాయి పరిజ్ఞానంతో కొనసాగించడం సాధ్యమే.

ఇందుకు కావలసిన సామగ్రి పెద్దది కాదు. డిగ్రీ కళాశాలల ప్రయోగశాలల్లో నేటికీ క్లామిడోమోనాస్ అంటే రంగు వేసి అతికించిన శాశ్వత స్లైడు, దాన్ని చూసి రికార్డు పుస్తకంలో గీసే బొమ్మ. అందులో ప్రాణం లేదు కనుక ఒత్తిడీ లేదు, స్పందనా లేదు. దాని బదులు సజీవ కణాలను పెంచి, పీహెచ్ మీటరు సాయంతో పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని చుక్కలుగా వేసి 4.5కు దించి, నిమిషంలోపు క్షారంతో తటస్థం చేయాలి. ద్రావణంలో కొంత కాల్షియం ఉండేలా చూసుకోవాలి. వెంటనే ఒక చుక్కను, ఆ తరువాత పావుగంటకొక చుక్కను అయోడిన్‌తో స్థిరపరిచి సూక్ష్మదర్శిని కింద కశాభాలను లెక్కిస్తే, రెండు గంటల ప్రాక్టికల్ తరగతిలోనే విద్యార్థి తన కళ్ళతో కణపు చట్రం తెగడమూ తిరిగి పెరగడమూ చూడగలడు. కాలానికీ కశాభం పొడవుకూ గ్రాఫు గీయగలడు. ఈ ప్రయోగానికి విషపదార్థాలు అక్కరలేదు, పెద్ద ఖర్చు లేదు.

పాఠ్యప్రణాళికా సంఘాలు ఈ ప్రయోగాన్ని ప్రాక్టికల్ సిలబస్‌లో చేర్చే విషయం పరిశీలించాలని, కాలుష్య నియంత్రణ మండళ్ళు తమ జీవ పరీక్షల్లో కశాభాలున్న హరిత శైవలాన్ని ఒకదాన్ని అదనంగా ఉంచాలని, చెరువుల గురించి రాసే మీ విలేఖరులు ఇకపై నాచు ఎంత పేరుకుందో రాయడంతో పాటు అందులో ఏ జాతులున్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో సమీప కళాశాల వృక్షశాస్త్ర విభాగాన్ని అడిగి రాయాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయుడు,
వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా